గడియారం ముల్లు తిప్పడమా, బడిగంట మార్చడమా

అమ్మా, మీరు అడిగినవి రెండు సంగతులు. డాలస్‌లో ఉన్న మీ అమ్మాయితో రోజూ ఉదయం ఏడు గంటలకు మాట్లాడే అలవాటుకు ఏటా మార్చిలో ఒకసారి, నవంబరులో ఒకసారి గంట తేడా ఎందుకు వస్తోందన్నది మొదటిది. గుణుపురం, పర్లాకిమిడి వైపు వేసవిలో ఐదుంబావు దాటేసరికే పొద్దు పొడుస్తుంది కనుక ఒడిశాలో కూడా గడియారాన్ని గంట ముందుకు జరిపితే కరెంటు ఆదా అవుతుందని మీ బడిలో తోటి మాస్టారు అన్న మాటలో నిజమెంత అన్నది రెండోది. నేను రైల్వేలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, అందులో ఎక్కువ కాలం కోరాపుట్, రాయగడ జిల్లాల స్టేషన్లలో స్టేషన్ మాస్టరుగా గడిపి, పదవీ విరమణ చేసినవాణ్ని. ప్రామాణిక సమయాన్ని ప్రతిరోజూ 16 గంటలకు ముఖ్యమైన స్టేషన్లన్నిటికీ తెలియజేయాలని రైల్వే సాధారణ నియమావళిలో ఒక నియమం ఉంది. ఆ వేళకు గోడ గడియారాన్ని సరిచూసుకోవడం సర్వీసంతా చేసిన పని కాబట్టి ఈ విషయంలో నాకు కొంత పట్టింపు ఉంది. రెండో ప్రశ్నకు నా జవాబు ముందే చెప్పేస్తాను: మన ప్రాంతానికి ఈ పద్ధతి వద్దు. అయితే ఆ మాట ఊరికే అనడం న్యాయం కాదు కనుక కారణాలు విడమరిచి రాస్తున్నాను.

మొదట, అమెరికా, యూరప్ వాళ్లు గడియారాన్ని ఎందుకు మారుస్తారో చూద్దాం. భూమధ్యరేఖకు దూరంగా వెళ్లినకొద్దీ వేసవి పగటికీ శీతకాలపు పగటికీ నడుమ తేడా పెరుగుతుంది. లండన్‌లో జూన్ నెలాఖరు పగలు సుమారు 16 గంటల 38 నిమిషాలు ఉంటే, డిసెంబరులో ఎనిమిది గంటలకు కూడా పది నిమిషాలు తక్కువే. గడియారం మార్చకుండా వదిలేస్తే అక్కడ జూన్‌లో తెల్లవారుజామున 3.43కే సూర్యుడు వస్తాడు. ఊరంతా నిద్రలో ఉండగా రెండు మూడు గంటల వెలుతురు ఎవరికీ అక్కరకు రాకుండా పోతుంది. వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపి ఆ వెలుతురులో ఒక గంటను సాయంత్రానికి తరలించడమే డేలైట్ సేవింగ్ టైమ్, అంటే వేసవి సమయం. ఈ ఆలోచనను మొదట గట్టిగా ప్రతిపాదించినవారిలో ఒకరు న్యూజిలాండ్‌కు చెందిన కీటక శాస్త్రజ్ఞుడు జార్జ్ హడ్సన్. ఉద్యోగం ముగిశాక పురుగులు సేకరించుకోవడానికి పగటి వెలుతురు కావాలని కోరుకున్న ఆయన 1895లో ఏకంగా రెండు గంటలు జరపమన్నాడు. ఇంగ్లండులో ఇళ్లు కట్టించే విలియం విల్లెట్ 1907లో సొంత ఖర్చుతో కరపత్రం వేసి, చనిపోయేదాకా దీనికోసమే ప్రచారం చేశాడు. ఆయన 1915లో కన్నుమూస్తే, మరుసటి ఏడాది ఏప్రిల్ 30న జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ యుద్ధకాలంలో బొగ్గు మిగుల్చుకోవడానికి దాన్ని అమలుచేశాయి. మూడు వారాలు గడిచేసరికి బ్రిటన్, 1918లో అమెరికా అదే బాట పట్టాయి.

ఇది రైతుల కోసం వచ్చిందని మీరు విన్నట్టు రాశారు. అది సరికాదు, నిజానికి దాన్ని అందరికంటే గట్టిగా ఎదిరించింది అమెరికా రైతులే. గడ్డి మీద మంచు ఆరితేగాని కోసిన మేతను పోగు చేయడానికి వీల్లేదు, మంచు గడియారాన్ని చూసి ఆరదు. కూలీలు మాత్రం కొత్త గడియారం ప్రకారం గంట ముందే వచ్చి, గంట ముందే వెళ్లిపోయేవారు. ఆ ఒత్తిడికి 1919లోనే అమెరికా చట్టసభ జాతీయ స్థాయిలో దాన్ని రద్దు చేసింది. మన వైపు వరికోతలు తెలిసినవారికి ఈ బాధ వేరే చెప్పనక్కరలేదు. పన కట్టడానికి మంచు పదును కావాలి, నూర్చడానికి ఎండ కావాలి, పాలు పిండే వేళను ఆవు దూడ నిర్ణయిస్తాయి.

అమెరికాలో ఇప్పుడున్న పద్ధతి 2007 నుంచి నడుస్తోంది. మార్చిలో రెండో ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలప్పుడు గడియారాన్ని మూడుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలప్పుడు వెనక్కి ఒంటిగంటకు తెస్తారు. మనం ఏడాది పొడుగునా ఒకే సమయంలో ఉంటాం కాబట్టి, డాలస్ మనకు వేసవిలో పదిన్నర గంటలు, శీతకాలంలో పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. మీరు మన ఉదయం ఏడింటికి ఫోన్ చేస్తే అక్కడ వేసవిలో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర, చలికాలంలో ఏడున్నర. మీ అమ్మాయి ఏడున్నరకు ఇంకా ఆఫీసు నుంచి దారిలోనే ఉంటోందంటే, నవంబరు నుంచి మార్చి దాకా మీరు ఎనిమిదింటికి చేయడమే మార్గం.

ఇప్పుడు కరెంటు సంగతి. ఈ పద్ధతి పుట్టినప్పుడు ఇళ్లలో కరెంటు ఖర్చంటే ప్రధానంగా దీపాలే. సాయంత్రం ఒక గంట ఆలస్యంగా చీకటిపడితే ఆ మేరకు దీపం ఖర్చు తగ్గడం సహజం. 2007లో అమెరికాలో వేసవి సమయాన్ని నాలుగు వారాలకు పైగా పొడిగించినప్పుడు వాళ్ల ఇంధన శాఖ లెక్కకట్టి చూస్తే, పొడిగించిన రోజుల్లో రోజుకు అర శాతం చొప్పున ఆదా తేలింది. ఏడాది మొత్తం వాడకంలో అది 0.03 శాతం. దీనికి ఎదురుగా ఇండియానా రాష్ట్రపు అనుభవం ఉంది. అక్కడ చాలా కౌంటీలు, అంటే మన జిల్లాల్లాంటివి, 2006 దాకా గడియారం మార్చేవి కావు. మార్చడం మొదలుపెట్టాక ఇళ్ల కరెంటు వాడకం సుమారు ఒక శాతం పెరిగిందని ఆర్థికవేత్తలు బిల్లుల ఆధారంగా తేల్చారు. దీపాల ఖర్చు తగ్గిన మాట నిజమే, కానీ జనం గంట ముందుగా, అంటే ఇంకా వేడిగా ఉన్న ఇళ్లకు చేరడంతో చల్లదనానికి పెట్టే ఖర్చు ఆ మిగులును మింగేసింది. మన వైపు ఆలోచించవలసింది సరిగ్గా ఇక్కడే. ఇప్పుడు ఎల్ఈడీ దీపాలు వచ్చి వెలుతురు చవకయింది. మేనెలలో మన ఇళ్ల మీటరును తిప్పేవి ఫ్యాన్లు, కూలర్లు, ఏసీలు. రేకుల కప్పు, శ్లాబు ఉన్న ఇంట్లోకి సూర్యుని లెక్కన గంట ముందు అడుగుపెట్టడమంటే ఏమిటో మేలో రాయగడ క్వార్టర్లలో ఉన్న ఎవరినడిగినా చెబుతారు.

మన ఊళ్ల పొద్దు లెక్క కూడా చూడండి. పర్లాకిమిడి సుమారు 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ 21న పగలు సుమారు 13 గంటల 15 నిమిషాలు, డిసెంబరు 21న 11 గంటలు, అంటే తేడా రెండుంబావు గంటలే. జూన్‌లో ఇంచుమించు 5.18కి సూర్యోదయం, 6.33కి సూర్యాస్తమయం. డిసెంబరులో 6.22కి ఉదయం, 5.22కి అస్తమయం. మీ మాస్టారి మాటలో ఒక సత్యం ఉందని ఒప్పుకోవాలి: వేసవిలో గంట జరిపితే ఏడాదంతా సూర్యోదయం ఆరుంబావుకు అటూ ఇటూగా స్థిరపడుతుంది. కాగితం మీద అది అందంగానే ఉంటుంది. కానీ మన వేసవి బాధ వెలుతురు చాలకపోవడం వల్ల వచ్చింది కాదు, ఎండ ఎక్కువవడం వల్ల వచ్చింది. లండన్ వాడు సాయంత్రం మరో గంట ఎండ కోసం గడియారం తిప్పుతాడు, మనం సాయంత్రం ఎండ ఎప్పుడు దిగుతుందా అని వాకిట్లో నీళ్లు చల్లుకుంటూ చూస్తాం. పది నుంచి ఐదు దాకా నడిచే ఆఫీసు గంట ముందుకు జరిగితే సూర్యుని లెక్కన తొమ్మిది నుంచి నాలుగు అవుతుంది. నడినెత్తి ఎండ అలాగే ఉంటుంది, పైగా ఇంటికి వెళ్లే దారి మరింత మంటెక్కిన వేళకు జరుగుతుంది.

గడియారం సూర్యుణ్ని అచ్చంగా అనుసరించదన్నది పడమటి వైపు ఊరితో పోల్చి చూస్తే స్పష్టమవుతుంది. మహారాష్ట్రలో గోదావరి, ప్రాణహిత కలిసేచోట ఉన్న సిరొంచ దాదాపు పర్లాకిమిడి అక్షాంశం మీదే ఉంది, అక్కడా మన తెలుగువాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. పగటి నిడివి రెండు చోట్లా ఒకటే అయినా, రేఖాంశంలో నాలుగు డిగ్రీల పైచిలుకు తేడా ఉండడం వల్ల సిరొంచలో సూర్యుడు మనకంటే పదహారు నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. డిగ్రీకి నాలుగు నిమిషాలు, అదే లెక్క. ఈ రెండు ఊళ్లకూ గడియారం ఒక్కటే.

ఆ ఒక్క గడియారానికి మూలమైన రేఖ మన ఇంటి ముంగిటే ఉందని మన పిల్లల్లో చాలామందికి తెలియదు, ఇది మీ తరగతిలో తప్పక చెప్పండి. 1906 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన భారత ప్రామాణిక సమయానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. పాఠ్యపుస్తకాల్లో మీర్జాపూర్ పేరు చెబుతారు, తెలుగు పిల్లలకు కాకినాడ పేరు కూడా చెబుతారు. ఆ రేఖ కోరాపుట్ జిల్లాలో జయపురానికి కొద్ది కిలోమీటర్ల పడమరగా పోతుంది. కొత్తవలస–కిరండూల్ మార్గంలో జయపురం దాటి జగదల్‌పూర్ వైపు వెళ్లే ప్రతి రైలూ దాన్ని దాటుతుంది. అక్కడ డ్యూటీ చేసిన రోజుల్లో నేను ప్లాట్‌ఫారం అంచున ఒక కర్ర నాటి నీడ చూసేవాణ్ని. రేఖ అంత దగ్గరైనా గడియారపు పన్నెండూ సూర్యుని మధ్యాహ్నమూ కచ్చితంగా కలిసేది ఏడాదికి నాలుగు రోజులే, ఏప్రిల్ నడుమ, జూన్ నడుమ, సెప్టెంబరు మొదట్లో, డిసెంబరు చివర్లో. భూమి నడక తీరు వల్ల మిగతా రోజుల్లో సూర్యుడు పదిహేను, పదహారు నిమిషాల దాకా ముందో వెనకో అవుతుంటాడు. గడియారపు సమయం మనుషులు ఒప్పందంగా పెట్టుకున్నదని, దాన్ని మార్చే హక్కు మనకుందని నేనూ అంగీకరిస్తాను. ఆ ఒప్పందాన్ని ఏడాదికి రెండుసార్లు కదపడానికి తగిన ప్రయోజనం ఉందా అన్నదే నా ప్రశ్న.

మన దేశం కూడా ఒకప్పుడు కదిపింది. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 దాకా దేశమంతా గడియారాన్ని గంట ముందు ఉంచారు, యుద్ధం ముగియగానే మానేశారు. ఇరుగుపొరుగులు తర్వాతి కాలంలో ప్రయత్నించి చూశారు. బంగ్లాదేశ్ కరెంటు కొరత వల్ల 2009 జూన్‌లో గంట జరిపి, ఆ ఏడాది చివరికే వెనక్కి తీసుకుంది. పాకిస్తాన్ 2002లోనూ, మళ్లీ 2008, 2009ల్లోనూ చేసి వదిలేసింది. చైనా 1986 నుంచి 1991 దాకా చేసి ఆపింది. శ్రీలంక 1996లో ముందుకు జరిపి, 2006లో తిరిగి మన సమయానికే వచ్చింది. ఉష్ణమండలంలోనూ దాని చెంతనా ఉన్న దేశాలు ఒకటి తర్వాత ఒకటి విరమించుకోవడం యాదృచ్ఛికమని నేను అనుకోను. మెక్సికో సైతం 2022లో దేశంలో ఎక్కువ భాగానికి రద్దు చేసుకుంది.

ఆరోగ్యం విషయం నాకు కరెంటు కంటే ముఖ్యమనిపిస్తుంది. స్వీడన్‌లో గుండెపోటు నమోదుల్ని పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వసంతంలో గడియారం ముందుకు జరిపిన మొదటి వారంలో గుండెపోట్లు సుమారు ఐదు శాతం పెరిగాయి. అమెరికాలో ప్రాణాంతకమైన రోడ్డు ప్రమాదాలు ఆ వారంలో సుమారు ఆరు శాతం ఎక్కువని 2020లో మరో అధ్యయనం చెప్పింది. ఒక్క గంటకే ఇంత జరుగుతుందా అని అనుమానం రావచ్చు. రాత్రి డ్యూటీలు చేసినవాడిగా నాకు అందులో వింతేమీ లేదు. ఒంట్లోని గడియారం ఉదయపు వెలుతురును చూసి సర్దుకుంటుంది. కొత్త సమయం ఆ ఉదయపు వెలుతురునే దూరం చేస్తుంది. వారం వారం షిఫ్టు మారేటప్పుడు మొదటి రెండు రోజులు లైన్ క్లియర్, అంటే బండి రావడానికి అనుమతి, ఇచ్చే ముందు రిజిస్టరు రెండుసార్లు చూసుకోమని మా పెద్దలు చెప్పేవారు. అలాంటి మొదటి రెండు రోజులు దేశం మొత్తానికి ఒకేసారి వస్తే ఎలా ఉంటుందో ఊహించండి. అమెరికా నిద్రా వైద్యుల సంస్థ కూడా 2020లో, ఏడాది పొడుగునా మార్పులేని ప్రామాణిక సమయమే మంచిదని అభిప్రాయపడింది.

మార్పు వద్దు, ఎప్పటికీ వేసవి సమయమే ఉంచుదామన్న వాదనా ఒకటుంది. దాన్నీ చేసి చూశారు. చమురు కొరత రోజుల్లో 1974 జనవరి నుంచి అమెరికా ఆ పని చేసింది. చలికాలంలో పిల్లలు చిమ్మచీకట్లో బడికి వెళ్లవలసి రావడంతో తల్లిదండ్రుల ఆగ్రహానికి ఏడాది తిరక్కుండానే వెనక్కి తగ్గింది. బ్రిటన్ 1968 నుంచి 1971 దాకా, రష్యా 2011 నుంచి 2014 దాకా అలాగే చేసి మానుకున్నాయి. యూరప్‌లో 2018లో ప్రజాభిప్రాయం అడిగితే 46 లక్షలమంది స్పందించారు, వారిలో 84 శాతం ఈ రెండుసార్ల మార్పు వద్దన్నారు. మరుసటి ఏడాది అక్కడి పార్లమెంటు రద్దుకు ఓటు వేసినా, ఏ సమయంలో స్థిరపడాలో దేశాల మధ్య ఒప్పందం కుదరక ఆ పని నిలిచిపోయింది. ఒకసారి అలవాటయ్యాక వదిలించుకోవడం ఎంత కష్టమో దీన్నిబట్టే తెలుస్తుంది.

మంచి లేదని మాత్రం నేను అనను. మా అబ్బాయి దగ్గర న్యూజెర్సీలో ఆరు నెలలు ఉన్నప్పుడు జూన్‌లో రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉండేది. పిల్లలు ఆడుకుంటుంటే, పనినుంచి వచ్చిన ఆడవాళ్లు భయం లేకుండా నడకకు వెళ్లేవారు, దుకాణాలు కళకళలాడేవి. సాయంత్రం వెలుతురు ఉంటే రోడ్డు దాటే పాదచారులకు ప్రమాదం తగ్గుతుందన్నదీ సమంజసమైన వాదనే. అంత ఉత్తరాన నివసించేవారికి ఆ గంట విలువ నేను కళ్లారా చూశాను. అదే చోట నవంబరు మొదటి ఆదివారం మరో సంగతి జరిగింది. అది కార్తీకమాసం. ముందురోజుల దాకా 5.50కి దీపం పెడుతున్న మా ఇంటావిడ, ఆ రోజు ఐదు కాకుండానే కిటికీలో చీకటి చూసి కంగారుపడింది. చేతిలో ఉన్న పట్టికలో పాత సమయమే ఉంది. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, ఘడియలు అక్కడినుంచే లెక్క. రెండున్నర ఘడియలు ఒక గంట కాబట్టి ప్రభుత్వం ముల్లు కదిపినప్పుడల్లా తిథులకు, వర్జ్యాలకు, రాహుకాలానికి రాసుకున్న గంటలన్నీ మళ్లీ సరిదిద్దుకోవాలి. విదేశాల్లో ఉన్న మన పిల్లలకు ఇది ఏటా రెండుసార్లు తప్పని పని.

రైల్వే వైపునుంచీ ఒక మాట. అమెరికాలో దూరప్రయాణపు రైళ్లు నవంబరు మార్పు రాత్రి దారిలో ఏదో ఒక స్టేషన్‌లో గంటసేపు ఆగి, తర్వాత టైమ్‌టేబుల్ ప్రకారం కదులుతాయి. మార్చిలో ఒక్కసారిగా గంట లేటయిపోయి, వీలైనంత పూడ్చుకుంటాయి. అక్కడ రైళ్లు తక్కువ కాబట్టి అది సాగుతుంది. మన హౌరా–చెన్నై మార్గంలో, ఒకదాని వెనక ఒకటిగా బండ్లు నడిచే రాత్రివేళ, ప్రతి బండినీ గంటసేపు ఎక్కడ నిలబెట్టగలం? బండిని పక్కన నిలబెట్టే లూప్ లైన్లు ఎన్ని ఉన్నాయో తెలిసినవారెవరూ ఆ సలహా ఇవ్వరు.

మరి వేసవికి మనం ఏమీ చేయనక్కరలేదా అంటే, చేస్తూనే ఉన్నాం. మీ బడిలో ఏప్రిల్ రాగానే మార్నింగ్ స్కూలు పెట్టి ఆరున్నరకు గంట కొట్టి పదిన్నరకు పిల్లల్ని ఇంటికి పంపిస్తారు. మహేంద్రతనయ నది దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళ్తే దాన్నే ఒంటిపూట బడి అంటారు. 1998 వడగాడ్పులకు ఒడిశాలో రెండు వేలమందికి పైగా చనిపోయాక, నడిఎండలో కూలి పనులు చేయించవద్దని ఏటా ఆదేశాలు వస్తున్నాయి. పొలాల్లో, ఉపాధి పనుల్లో మనవాళ్లు తెల్లవారకముందే బయలుదేరి పదిన్నరకల్లా తిరిగి రావడం ఏ ఆదేశం లేకుండానే జరుగుతోంది. ఇదంతా కాలానికి తగ్గట్టు సమయం మార్చుకోవడమే. ఎండ బాధ ఎవరికుందో వారి పనివేళను మాత్రమే, అవసరమైనంత మేర మాత్రమే, మూడు గంటలయినా సరే జరుపుతున్నాం. ఆసుపత్రి మందుల వేళ, రైలు వేళ, బ్యాంకు వేళ కదలడం లేదు. గడియారాన్ని జరిపితే అందరికీ ఒకే గంట జరుగుతుంది, ఎండలో పనిచేసేవారికి అది చాలదు, మిగతావారికి అక్కరలేదు. మీ మాస్టారు కలెక్టరు గారికి అర్జీ రాయాలనుకుంటే, మార్నింగ్ స్కూలును ఎండ ముదరకముందే మొదలుపెట్టమని, ఇటుక బట్టీల్లో, రోడ్డు పనుల్లో మధ్యాహ్న విరామం నిజంగా అమలయ్యేట్టు చూడమని రాయమనండి. అలాంటి అర్జీకి నా సంతకం కూడా ఉంటుంది.

ఋతువుల మార్పుతో సంబంధం లేని వేరే ప్రతిపాదనలు రెండున్నాయి, వాటిని దీనితో కలపకూడదు. దేశమంతటికీ శాశ్వతంగా అరగంట ముందుకు జరిపితే ఏటా 270 కోట్ల యూనిట్లు మిగులుతాయని బెంగళూరులోని జాతీయ ఉన్నతాధ్యయన సంస్థ పరిశోధకులు లెక్కకట్టారు. ఒకేసారి చేసే మార్పు కాబట్టి దీని మీద నాకు అంత వ్యతిరేకత లేదు. కానీ దేశపు పడమటి కొసన ఉన్న ద్వారకలో జనవరి సూర్యోదయం ఇప్పుడే 7.35 ప్రాంతంలో ఉంది, అది ఎనిమిది దాటుతుందన్నది మరచిపోకూడదు. ఈశాన్య రాష్ట్రాలకు వేరే సమయం ఇవ్వాలని జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రజ్ఞులు 2018లో సూచించారు. అస్సాం తేయాకు తోటల్లో గంట ముందు నడిచే తోట సమయం ఎప్పటినుంచో ఉంది, అక్కడివారి కోరిక న్యాయమైనదే. అయితే వారు గీసిన గీత అస్సాం–బెంగాల్ సరిహద్దు దగ్గరిది. ఆ మార్పు వచ్చినా ఒడిశా అంతా ఇప్పటి సమయంలోనే ఉంటుంది.

ఇక మీ ఫోన్ సంగతి. మార్చి రెండో ఆదివారం మన మధ్యాహ్నం ఒకటిన్నరకు డాలస్ గడియారం ముందుకు జరుగుతుంది, నవంబరు మొదటి ఆదివారం మన పన్నెండున్నరకు వెనక్కి వస్తుంది. ఈ రెండు తేదీలు క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. లండన్‌లో ఉన్న మీ మరిదిగారిని కూడా అదే కాల్‌లో కలుపుతున్నామన్నారు కనుక ఇంకో జాగ్రత్త అవసరం: వాళ్లు మార్చి చివరి ఆదివారం ముందుకు, అక్టోబరు చివరి ఆదివారం వెనక్కి మారుస్తారు. అందుచేత మార్చిలో రెండు మూడు వారాలు, అక్టోబరు చివర ఒక వారం డాలస్‌కూ లండన్‌కూ మధ్య తేడా ఆరు గంటలకు బదులు ఐదే ఉంటుంది. ఆ రోజుల్లో ముగ్గురికీ కుదిరే వేళను ముందుగా మాట్లాడుకొని, మన సమయంలోనే చెప్పుకోండి. మారనిది మన గడియారం ఒక్కటే కాబట్టి అదే అందరికీ సులువు.